డీజిల్ మాస్టారికి జాబులు: ఆ ఫిల్టర్ డబ్బా ఇప్పుడే విప్పకండి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. పదేళ్లుగా డాలస్ పక్కన ఉంటున్నాం. ఊరి బయట ఐదెకరాలు కొన్నాక, ట్రాక్టర్‌ని ట్రెయిలర్ మీద లాక్కెళ్లడానికని 2006 ఫోర్డ్ ఎఫ్-250 సెకండ్‌హ్యాండ్‌లో తీసుకున్నాను. 6.0 పవర్‌స్ట్రోక్ డీజిల్, 1,38,000 మైళ్లు తిరిగింది. లోపల బంగారు రంగు కూలెంట్ ఉంది. అది తీసేసి ఎర్రది పోయమని ఒకరు, కంపెనీది మార్చొద్దని ఇంకొకరు. కూలెంట్ ఫిల్టర్ కిట్ కొన్నాను, ఈ శనివారం బిగిద్దామనుకున్నా. ఇంతలో ఇంజన్ కంప్యూటర్ లెక్కలు చూపే ఓబీడీ రీడర్ పెట్టి చూస్తే హైవే మీద ఆయిల్ 221, కూలెంట్ 196 డిగ్రీల ఫారెన్‌హీట్ చూపించింది. డ్యాష్‌బోర్డు ముల్లు మాత్రం నడిమధ్యలోనే ఉంది. టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: ఆ కిట్ డబ్బా అలాగే అటక మీద పెట్టండి బాబూ. శనివారం బిగించొద్దు.

మీ జాబులో కూలెంట్ రంగు గురించి నాలుగు ముక్కలు, ఫిల్టర్ గురించి రెండు ముక్కలు రాశారు. అసలు సంగతి చివర్న, పోస్టు చేసేముందు గుర్తొచ్చినట్టు రాశారు. 221లోంచి 196 తీస్తే 25. ఇంజన్ బాగా వేడెక్కాక, చదును రోడ్డు మీద 65 మైళ్ల వేగంతో నిలకడగా వెళ్తున్నప్పుడు ఈ తేడా 15 దాటకూడదు. ఒకవేళ మీరు ట్రెయిలర్ లాగుతూ, ఎత్తు ఎక్కుతూ చూసి ఉంటే ఆ లెక్క పనికిరాదు. ఖాళీ బండితో ఇంకోసారి చూడండి. అప్పుడూ 25 వస్తే మీ ఆయిల్ కూలర్, అంటే కూలెంట్‌తో ఆయిల్‌ని చల్లార్చే భాగం, పూడుకుపోతోందన్నమాట. ముల్లును మాత్రం నమ్మకండి. అది మధ్యలో నిలబడి మనల్ని నిద్రపుచ్చడానికే ఉంది.

ఈ ఇంజన్ ఫోర్డ్ బండిలో ఉన్నా, చేసింది నావిస్టార్. 2003 నుంచి 2007 దాకా ఈ పికప్పుల్లో వచ్చింది. దీని ఆయిల్ కూలర్ ఇంజన్ నడినెత్తిన, రెండు వరసల సిలిండర్ల మధ్య లోయలో, ఇన్‌టేక్ మానిఫోల్డ్ కింద దాక్కుని ఉంటుంది. సన్నటి పలకలు దొంతరగా పేర్చి, ఒక సందులో ఆయిల్, పక్క సందులో కూలెంట్ నడిచేలా కట్టారు. ఆ సందులు ఎంత ఇరుకంటే, కాస్త మడ్డి చేరితే చాలు, దారి మూసుకుపోతుంది. పూడిక రెండు రకాలు. బ్లాకును పోతపోసినప్పుడు లోపల మిగిలిన ఇసుక ఒకటి. రెండోది బంగారు రంగు కూలెంట్‌లో ఉండే సిలికేట్ అనే తుప్పు ఆపే మందు. అతిగా వేడెక్కితే అది విడిపోయి జిగురులా తయారవుతుంది. ఎవరి వాటా ఎంత అని మెకానిక్కులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. నేను విప్పిన కూలర్లలో నాకు ఇసుక కన్నా జిగురే ఎక్కువ కనిపించింది.

పూడిక ఆయిల్ కూలర్‌తో ఆగితే గొడవే లేదు. అందులోంచి వచ్చిన కూలెంటే తర్వాత, పొగలో కొంత చల్లార్చి మళ్లీ ఇంజన్లోకి పంపే ఈజీఆర్ కూలర్‌కి వెళ్లాలి. పై పొలం వాడు కాలువ మూసేస్తే కింది పొలం ఎండిపోయినట్టు, ఈజీఆర్ కూలర్‌కి నీళ్లందవు. సైలెన్సర్‌కి పోవాల్సిన మంటలాంటి పొగ దాని గుండా వెళ్తుంటుంది కాబట్టి, ఉన్న కాస్త కూలెంట్ మరిగిపోయి గొట్టాలు పగులుతాయి. అప్పుడు వెనకాల తెల్ల పొగ. ఆ కూలెంట్ సిలిండర్లలోకి పోయి ఒత్తిడి పెరిగిందా, సిలిండర్లకీ పైనుండే హెడ్డుకీ మధ్య సీలు వేసే హెడ్ గాస్కెట్ వంతు వస్తుంది. ఒక్కో సిలిండర్ చుట్టూ నాలుగే హెడ్ బోల్టులు మరి!

ఫిల్టర్ వద్దని ఎందుకంటున్నానంటే, నేను చేసిన తప్పు చెప్పాలి. విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఆరేళ్లు లారీ ఇంజన్లు విప్పి, మా అమ్మాయి దగ్గరికి హ్యూస్టన్ వచ్చాక, ఒక డీజిల్ షాపులో చేరాను. కొత్తలో ఇలాంటి బండే వచ్చింది, తేడా 23. ఓనరు డబ్బుకి ఇబ్బందిపడుతున్నాడని, ఫిల్టర్ బిగిస్తే మెల్లగా అదే శుభ్రమవుతుందని చెప్పి పంపాను. రెండు నెలలకి ఆ బండి ఈజీఆర్ కూలర్ పగిలి, టో ట్రక్కు మీద తిరిగొచ్చింది. ఆయన నన్నేమీ అనలేదు. అదే ఇంకా బాధ. ఫిల్టర్ అనేది కూలెంట్‌లో తేలుతూ తిరుగుతున్న చెత్తను పట్టుకుంటుంది. పలకల మధ్య అంటుకుని గట్టిపడిన దాన్ని వెళ్లి పీకి తేదు. పైగా ఇది బైపాస్ ఫిల్టర్. హీటర్ గొట్టంలోంచి కాస్త కూలెంట్ తీసుకుని, వడకట్టి, మిగులు కూలెంట్ ఉండే డీగ్యాస్ బాటిల్‌కి పంపుతుంది. మొత్తం ప్రవాహం దాని గుండా పోదు.

కాబట్టి వరస ఇలా ఉండాలి. ముందు కడగాలి, తర్వాత కొత్త ఆయిల్ కూలర్ వేయాలి, ఆ తర్వాతే ఫిల్టర్. కొత్త కూలర్ వేసి తర్వాత కడిగితే, ఊడిన మడ్డంతా కొత్తదాంట్లోనే చేరుతుంది. మానిఫోల్డ్ ఎలాగూ లేపుతారు గనక ఈజీఆర్ కూలర్‌కి అప్పుడే ప్రెషర్ పెట్టి చూడమనండి. డీగ్యాస్ బాటిల్ మూత చుట్టూ తెల్లగా ఎండిన మరకలున్నాయేమో మీరే ఇవాళ చూడండి. ఉంటే ఒత్తిడి తట్టుకోలేక కూలెంట్ బయటికి కక్కుతోందని అర్థం. ముందు 16 పీఎస్‌ఐ కొత్త మూత వేసి చూడండి, మళ్లీ వస్తే హెడ్ గాస్కెట్ అనుమానించాలి.

కడగడంలో అందరూ చేసే పొరపాటు రేడియేటర్ కుళాయి ఒక్కటే తిప్పడం. బ్లాకుకి రెండు పక్కలా ప్లగ్గులుంటాయి, అవి విప్పకపోతే చాలా భాగం లోపలే ఉండిపోతుంది. డిస్టిల్డ్ వాటర్ పోసి, థర్మోస్టాట్ తెరుచుకునేదాకా ఇంజన్ నడిపి, దించి, మళ్లీ పోసి, వచ్చే నీళ్లు తేటగా కనిపించేదాకా చేయాలి. విసుగు పని. ఓపిక లేకపోతే ఇంకొకరికి ఇవ్వండి గానీ మధ్యలో ఆపకండి.

ఇక రంగు. బంగారు రంగుది జీ-05 రకం, సిలికేట్, నైట్రైట్ రెండూ ఉంటాయి. కంపెనీ ఈ బండికి చెప్పింది అదే. వారంటీ ఉన్న రోజుల్లో దానికి కట్టుబడాల్సిందే. మీ బండికి ఇప్పుడు ఆ బాధ లేదు. నేనైతే క్యాటర్‌పిల్లర్ ఈసీ-1 ప్రమాణానికి సరిపోయే, ఎక్కువకాలం నిలిచే కూలెంట్ ఈఎల్‌సీ పోస్తాను. మీకు ఎవరో చెప్పిన ‘ఎర్రది’ బహుశా అదే. అందులో సిలికేట్ లేదు, కాబట్టి విడిపోయి జిగురవడానికీ ఏమీ లేదు. అయితే ఎర్రగా ఉన్న ప్రతిదీ ఈసీ-1 కాదు. రంగు కంపెనీ కలిపే అద్దకం మాత్రమే. డబ్బా తిప్పి వెనక అక్షరాలు చదవండి. పాత కూలెంట్ పది శాతం దాటి మిగిలిపోతే దీని దీర్ఘాయుష్షు పోతుంది, అందుకే కడగడం గురించి అంత చెప్పాను.

పోసేటప్పుడు ఒక లెక్క. ఈ బండిలో మొత్తం 27.5 క్వార్టులు, అంటే 26 లీటర్లు పడుతుంది. కడిగిన నీళ్లు ఎంతో కొంత లోపల ఉండే ఉంటాయి. మీరు సగం సగం కలిపి ఉన్న డబ్బా పోస్తే పలచబడిపోతుంది. నీళ్లు కలపని కాన్సన్‌ట్రేట్ కొని, ముందు మూడున్నర గ్యాలన్లు అది పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపండి. సగానికి సగం ఉంటే మైనస్ 37 సెల్సియస్ దాకా గడ్డకట్టదు. డాలస్‌కి అది చాలు. చిక్కగా ఉంటే ఇంకా మంచిదని మొత్తం కాన్సన్‌ట్రేటే పోసేవాళ్లున్నారు. నీళ్లు కలపని గ్లైకాల్ మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుందని వాళ్లకి తెలీదు.

ఇవన్నీ అయ్యాక అటక మీది డబ్బా దించండి. కెమికల్ లేని ఖాళీ ఫిల్టరే వేయండి, రెండు పక్కలా కవాటాలు పెట్టండి. లేకపోతే మార్చిన ప్రతిసారీ ఒళ్లంతా కూలెంటే. మొదటి ఫిల్టర్ వెయ్యి మైళ్లకే విప్పి, కోసి, కాగితం మడతలు విదిలించి చూడండి. అందులో ఏముందో నాకు రాయండి. పాత కూలెంట్‌ని పళ్లెంలో వదిలేసి భోజనానికి వెళ్లకండి. తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, కొంచెమైనా ప్రాణం తీస్తుంది.

ప్రశ్న: గురువుగారూ, నా దగ్గర 2001 నాటి 7.3 పవర్‌స్ట్రోక్ ఉంది. మామూలు ఆకుపచ్చ కూలెంట్‌లో ఎస్‌సీఏ అనే మందు కలపాలంటున్నారు. అమ్మకం కోసం చెబుతున్న మాటా, నిజమా?
– ఒక పాఠకుడు, అట్లాంటా

జవాబు: నిజమే. ఆటోనగర్‌లో కొత్త కుర్రాళ్లకి నేనొక ఆట చూపించేవాణ్ని. లారీ ఇంజన్‌లోంచి తీసిన పాత లైనర్‌ని అంటే పిస్టన్ ఆడే గొట్టాన్ని, బల్బుకి అడ్డంపెట్టి లోపలికి చూడమనేవాణ్ని. నక్షత్రాల్లా సూది బెజ్జాలు! తుప్పనుకునేవాళ్లు. అది తుప్పు కాదు. పిస్టన్ గోడని తన్నినప్పుడల్లా గోడ అదురుతుంది, దాని వెనక నీళ్లలో బుడగలు పుట్టి పేలిపోతాయి. ఒక్కో పేలుడు ఇనుములో రవ్వంత కొరుకుతుంది. లక్షల సార్లు కొరికితే బెజ్జం పడుతుంది. ఆ మందులో ఉండే నైట్రైట్ గోడకి పలచటి పొరలా పట్టి కాపాడుతుంది.

లారీలో లైనర్ పోతే లైనర్ మారుస్తాం. మీ 7.3లో లైనర్లే లేవు, బ్లాకే గోడ. కాబట్టి వాడండి, కానీ చేతికొచ్చినంత కాదు. టెస్ట్ స్ట్రిప్ కొని ముంచి, తక్కువ చూపిస్తేనే కలపండి. ఎక్కువైతే అదీ మడ్డి కడుతుంది. నైట్రైట్ ఉన్న ఈఎల్‌సీకి మార్చుకుంటే ఈ గొడవ తగ్గుతుంది, కాకపోతే పై జవాబులో చెప్పినట్టు కడగాల్సిందే. ఎస్‌సీఏ ముందే నింపి ఉన్న ఫిల్టర్లు కూడా అమ్ముతారు. ఈఎల్‌సీ పోశాక అవి వేయకండి.

ప్రశ్న: అయ్యా, మాది నరసరావుపేట. మిర్చి బస్తాలు తోలే బొలెరో పికప్ ఉంది. డ్రైవరు రేడియేటర్‌లో బోరు నీళ్లు పోస్తాడు. మన దగ్గర మంచు పడదు కదా, కూలెంట్ ఎందుకంటాడు. అమెరికా వాళ్లు వాడే ఫిల్టర్ తెప్పించమంటారా?
– ఒక పాఠకుడు

జవాబు: ఫిల్టర్ వద్దు. ముందు మీ ఇంట్లో బోరు నీళ్లు కాచే గిన్నె తిరగేసి చూడండి. అడుగున తెల్లటి అట్ట కట్టి ఉంటుంది. ఇంజన్ లోపలా అదే కడుతోంది. ఆ అట్ట వేడిని బయటికి పోనివ్వదు, దాన్ని ఏ ఫిల్టరూ ఆపలేదు. కూలెంట్ మంచు కోసమే కాదు. మే నెలలో గుంటూరు యార్డు దగ్గర లోడుతో క్యూలో నిలబడ్డప్పుడు నీళ్లు త్వరగా మరగకుండా చూసేదీ, లోపల తుప్పు పట్టకుండా చూసేదీ అదే. రేడియేటర్ కడిగించి, బండి పుస్తకంలో రాసిన కూలెంట్ పోయించండి. పైన కలపడానికి బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ క్యాన్ ఒకటి సీటు వెనక ఉంచండి. బోరు నీళ్ల సీసా కూడా ఉంచాలి లెండి, డ్రైవరు మొహం కడుక్కోవడానికి.