పంద్రాగస్టు నాడు గర్వంతో పాటు బాధ కూడా కలిగితే దేశభక్తి లోపించినట్లా?

లేదు. ఈ రెండు భావాలూ 1947 ఆగస్టు 15 నాడే ఉన్నాయి. ఢిల్లీ సంబరాల్లో ఉన్నప్పుడు గాంధీజీ కలకత్తాలో ఉపవాసంతో, ప్రార్థనతో ఆ రోజు గడిపారు. దేశ విభజన, మతకలహాలు ఆయనను అంతగా కలచివేశాయి. ఆయన దేశభక్తిని ఎవరు శంకించగలరు?

మనం ఉంటున్న చెన్నైలోనూ అదే కథ. ద్రావిడ ఉద్యమ నేత పెరియార్ ఆ రోజును సంతాప దినంగా పాటించమన్నారు. ఆయన శిష్యుడు అన్నాదురై మాత్రం బహిరంగంగా విభేదించి, సంతోషించవలసిన రోజేనన్నారు. ఒకే ఉద్యమంలో, గురుశిష్యుల మధ్యే ఇంత తేడా!

తెలుగువారికి ఈ నగరంలో ఇంకా లోతైన గాయం ఉంది. స్వాతంత్ర్య పోరాటంలో జైలుకు వెళ్లిన పొట్టి శ్రీరాములు, స్వతంత్ర భారతంలో ఆంధ్ర రాష్ట్రం కోసం మైలాపూరులో 58 రోజులు నిరాహార దీక్ష చేసి 1952 డిసెంబరు 15న కన్నుమూశారు. ఏ దేశ విముక్తికి పోరాడారో ఆ దేశ ప్రభుత్వాన్నే నిలదీశారు. నా దృష్టిలో దేశాన్ని అంతకంటే గాఢంగా ప్రేమించడం కష్టం.

1947 ఆగస్టు 15న సెయింట్ జార్జి కోటపై ఎగిరిన జెండా ఆ కోట మ్యూజియంలో ఉంది, తప్పక చూడండి. నాకు దాని ముందు ఒళ్లు పులకరిస్తుంది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చాక కూడా మురుగు గుంతల్లో మనుషులు చనిపోతున్నారన్న వార్త చదివినప్పుడు కడుపు రగిలిపోతుంది. ఈ దేశం నాది కాబట్టే ఆ పులకింతా, ఆ కోపమూ.