ఆఫీసు అయ్యాక బాస్ మెసేజ్‌కి జవాబివ్వకపోతే చట్టం మనవైపు ఉంటుందా?

అది మీరున్న దేశాన్ని బట్టి ఉంటుంది. ఫ్రాన్స్‌లో పనివేళల తర్వాత ఆఫీసు మెసేజ్‌లకు దూరంగా ఉండే హక్కు 2017 జనవరి నుంచి ఉంది. అయితే చాలామంది అనుకున్నట్టు సాయంత్రం ఆరు దాటాక మెయిల్ పంపడం అక్కడ నేరమేమీ కాదు. 50 మంది, ఆపైన ఉద్యోగులున్న కంపెనీ, ఆ హక్కును ఎలా అమలు చేయాలో ఉద్యోగుల తరఫువాళ్లతో కూర్చుని మాట్లాడుకోవాలి, అంతే. పోర్చుగల్ 2021లో బాధ్యతను నేరుగా యజమాని మీదే పెట్టింది: అత్యవసరమైతే తప్ప పనివేళల తర్వాత ఉద్యోగిని సంప్రదించకూడదు. నా దృష్టిలో ఇదే గట్టి చట్టం.

ఆస్ట్రేలియా పద్ధతి ఇంకాస్త ఆసక్తికరం. 2024 ఆగస్టు 26 నుంచి అక్కడి ఉద్యోగి ఫోన్ ఎత్తకుండా, మెసేజ్ చదవకుండా ఉండొచ్చు, కానీ ఆ నిరాకరణ సబబుగా ఉండాలి. ఫోన్ ఎందుకు చేశారు, అదనపు సమయానికి డబ్బులిస్తున్నారా, ఉద్యోగి హోదా ఏంటి, ఇంట్లో చూసుకోవాల్సిన వాళ్లున్నారా అన్నవన్నీ లెక్కలోకొస్తాయి. రాత్రి సర్వర్ పడిపోయిందని ఆన్-కాల్ అలవెన్స్ (పిలిస్తే పనికి సిద్ధంగా ఉన్నందుకు ఇచ్చే డబ్బు) తీసుకునే ఇంజినీర్‌కి ఫోన్ చేయడం వేరు, రేపటి మీటింగ్ స్లైడ్‌లో రంగు మార్చమనడం వేరు.

మన దేశంలో ఇలాంటి కేంద్ర చట్టం లేదు. ఎంపీ సుప్రియా సూలే లోక్‌సభలో ప్రైవేటు మెంబర్ బిల్లు (మంత్రి కాని సభ్యులు సొంతంగా పెట్టేది) పెట్టారు గానీ అలాంటివి చట్టమవడం బహు అరుదు. అమెరికా క్లయింట్‌తో పనిచేసే హైదరాబాద్ టీమ్‌కి రాత్రి ఫోన్ కాల్స్ మాట్లాడటమే డ్యూటీ కాబట్టి, చేరేముందే షిఫ్టు వేళలు, ఆన్-కాల్ వంతులు ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి.