కత్తి దెబ్బలో మనిషి కనబడాలి

అమ్మలూ,

నువ్వు పంపిన డిజైన్ డాక్యుమెంట్ మొత్తం చదివాను. వంతెన మీద ఒక్కడే నిలబడి దారి కాచే సమురాయ్ అన్న ఆలోచన చాలా నచ్చింది. నీ మొదటి గేమ్‌కి సరైన బాస్, అంటే ఓడించి దాటాల్సిన పెద్ద ప్రత్యర్థి, అతనే. ఆడినవాళ్లకి ఈ ఫైట్ ఏళ్ల తర్వాత కూడా గుర్తుండాలంటే ఏం చెయ్యాలి మామయ్యా అని అడిగావు. దానికి జవాబుగా నువ్వు రాసుకున్నవి పెద్ద హెల్త్ బార్ (మిగిలిన ప్రాణాన్ని చూపే గీత), మూడు ఫేజ్‌లు (పోరు తీరు మారే దశలు), మంటలు చిమ్మే కత్తి. అతను ఎవరో మాత్రం ఎక్కడా రాయలేదు.

ముందు అది రాయి. ఎవరి కొలువులో ఉన్నాడు, ఆ వంతెన అవతల ఏముంది, ఏది పోతే ఇక బతకలేననుకుంటాడు, గెలవడానికి ఏ పని మాత్రం చచ్చినా చెయ్యడు. అర పేజీ చాలు. గేముల్లో పోరాటాలు రూపొందించే కంబాట్ డిజైన్‌లో ఇన్నేళ్లు పనిచేశాక నేను గట్టిగా నమ్మేది ఇదే: బాస్ కొట్టే ప్రతి దెబ్బా ఆ అర పేజీలోంచి పుట్టాలి. ఆట ఆపి చూపించే కట్‌సీన్‌లో చెప్పే కథని చాలామంది స్కిప్ చేస్తారు. దెబ్బని ఎవరూ స్కిప్ చెయ్యలేరు.

సెకీరోలో గెనిచిరో అషీనాని ఒక్కసారి జాగ్రత్తగా చూడు. ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ 2019లో తెచ్చిన గేమ్, డైరెక్టర్ హిదెతాకా మియజాకి. కథ జపాన్‌లో అంతర్యుద్ధాల కాలమైన సెంగోకు యుగం చివరి రోజుల్లో నడుస్తుంది. అషీనా రాజ్యం కూలిపోయే స్థితిలో ఉంటుంది. దాన్ని సంపాదించిన తాత ఇష్షిన్ మంచాన పడ్డాడు. పెంపుడు మనవడు గెనిచిరోకి ఆ నేల తప్ప ఇంకేమీ పట్టదు, దానికోసం ఏ హద్దయినా దాటతాడు. ఇది నీకు మాటల్లో చెప్పకముందే గేమ్ చేసి చూపిస్తుంది. మొదట్లోనే వెన్నెల్లో, రెల్లుపూల పొలంలో అతనితో తలపడతాం. దాదాపు అందరూ ఓడిపోతారు. కష్టపడి గెలిచినా సరే, దాక్కున్న మనిషి విసిరిన ఆయుధం మన దృష్టి మళ్లిస్తుంది, ఆ క్షణంలో గెనిచిరో మన చెయ్యి నరికేస్తాడు. గౌరవం అతనికి రెండో సంగతి అని అక్కడే తెలిసిపోతుంది.

తర్వాత కోట పైన మళ్లీ ఎదురైనప్పుడు అతని మూవ్‌సెట్ (కొట్టే దెబ్బలన్నీ) అంతా ఆ తొందర, ఆ తెగింపే. కత్తితో వరుసగా దెబ్బలు, ఎగిరి గాల్లోంచే బాణాలు, ఊపిరి తీసుకుందామని దూరం జరిగితే అక్కడికీ బాణం. ఓడిపోయాడనుకున్నాక కవచం తీసేసి లేస్తాడు, కత్తికి పిడుగుని ఎక్కిస్తాడు. నిషిద్ధమైన శక్తులకి కూడా చెయ్యి చాచిన మనిషి అని వేరే చెప్పక్కర్లేదు. ఆ పిడుగుకి జవాబు కూడా అక్కడే ఉంది: ఎగిరి గాల్లో దాన్ని ఒంటి మీదకి తీసుకుని, కాళ్లు నేలకి తగిలేలోపు తిరిగి అతని మీదకే విసరాలి. మొదటిసారి అది కుదిరినప్పుడు ఆడేవాళ్లకి కలిగే ఆనందం మామూలుది కాదు.

ఆఖరి పోరు దగ్గర డిజైనర్లు చేసిన పని నాకు ఇంకా ఆశ్చర్యంగానే ఉంటుంది. మళ్లీ అదే రెల్లుపూల పొలం. మంచాన పడ్డ ఆ తాత ఇష్షిన్ ఇక్కడ యవ్వన బలంతో తిరిగొస్తాడు. అతన్ని చేరాలంటే ప్రతిసారీ ముందు గెనిచిరోని ఓడించాలి. మొదట్లో ఇది విసుగనిపిస్తుంది. కానీ ఇష్షిన్ చేతిలో ఓడి ఓడి మళ్లీ వస్తుంటే, కోట మీద గంటల తరబడి ఏడిపించిన ఆ గెనిచిరో ఇప్పుడు కాసేపట్లోనే పడిపోతుంటాడు. అతను బలహీనపడినందుకు కాదు, మనం మారినందుకు. లెవెల్ నంబరు పెంచి "నువ్వు ఎదిగావు" అని తెరమీద రాయడం కంటే ఇది ఎంత గొప్పగా ఉందో చూడు. ఆ తర్వాత వచ్చే ఇష్షిన్ కత్తితో మొదలుపెట్టి, మధ్యలో ఈటె పట్టుకుని, తుపాకీ కూడా తీస్తాడు. మనవడి తెగింపు నిరాశలోంచి వచ్చింది, తాతది యుద్ధం మీద ప్రేమలోంచి. ఇద్దరూ ఏ ఆయుధానికీ వెనకాడరు, అయినా ఇద్దరూ ఒక్కలా అనిపించరు. ఈ తేడా పట్టుకోగలిగితే నీకు సగం పని వచ్చేసినట్టే.

ఇప్పుడు నీ వంతెన మనిషి దగ్గరకి వద్దాం. యజమాని అవతలి ఒడ్డు దాటి తప్పించుకునేదాకా ఎవరినీ రానివ్వకూడదని మాట ఇచ్చాడనుకుందాం. అలాంటప్పుడు అతను వంతెన దిగి వెంటపడకూడదు. ఆడేవాళ్లు భయపడి వెనక్కి ఒడ్డుకి పరిగెడితే ఆగిపోవాలి, కత్తి తుడుచుకుని ఎదురుచూడాలి. ఆ ఒక్క నియమంతో ఆడేవాళ్లకి అతని గురించి తెలిసినంత, ఒక పేజీ డైలాగుల్లో తెలియదు. అతని దెబ్బలన్నీ మనల్ని వెనక్కి నెట్టేవిగా ఉండాలి, పక్కకి తప్పుకుని అతన్ని దాటబోతే మాత్రం ప్రాణం పోయేంత దెబ్బ పడాలి. మంటల కత్తి తీసెయ్యి. అది అతనిది కాదు.

ఇక దెబ్బని చదవగలగడం గురించి. మనిషి కంటితో చూసి వేలు కదపడానికి సుమారు పావు సెకను పడుతుంది. సెకనుకి 60 ఫ్రేముల గేమ్‌లో అది 15 ఫ్రేములు. అదీ జవాబు ఒక్కటే ఉన్నప్పుడు. ఎగరాలా, అడ్డుకోవాలా, పక్కకి జరగాలా అని ఎంచుకోవాల్సి వస్తే ఇంకా ఎక్కువ పడుతుంది. నీ షీట్‌లో కొన్ని దెబ్బల విండప్ (కొట్టేముందు కత్తి ఎత్తే సమయం) 12 ఫ్రేములే ఉంది. దాన్ని చూసి తప్పించుకోవడం కుదరదు, అదృష్టం మీదో బట్టీ మీదో ఆధారపడాలి. కాంబోలో, అంటే వరస దెబ్బల్లో, రెండో దెబ్బకయితే ఫరవాలేదు, ఎందుకంటే మొదటి దెబ్బే హెచ్చరిక. ఊరికే నిలబడి ఉన్నప్పుడు వచ్చే దెబ్బకి కుదరదు.

సెకీరోలో ప్రమాదకరమైన దాడికి ముందు ఎర్రటి అక్షరం వెలుగుతుంది గదా. పొడిచినా, కాళ్ల కింద ఊడ్చినా, పట్టుకోబోయినా అదే గుర్తు. జవాబులు మాత్రం వేరు. పోటుకి ఎదురెళ్లి కత్తిని తొక్కాలి, ఊడ్పుకి ఎగరాలి, పట్టుకి దూరం జరగాలి. అందుకని ఆడేవాళ్లు గుర్తుని వదిలేసి ఒంటిని చూడ్డం నేర్చుకుంటారు: భుజం ఎటు తిరిగింది, మొన ఎక్కడుంది, బరువు ఏ కాలి మీద పడింది. ఎదుటివాడి ఒంటిని చదవడం కంటే కత్తియుద్ధంలో ఉన్నదేముంది? నీ గేమ్‌లో ఒక్కో దాడికి ఒక్కో రంగు పెట్టావు. అలా పెడితే అందరూ రంగులే చూస్తారు, నీ ఆనిమేటర్ పడ్డ కష్టమంతా వృథా.

కత్తి ఎత్తి, ఆపి, ఆలస్యంగా కొట్టే దెబ్బలు ఈమధ్య అందరూ వాడుతున్నారు. నువ్వూ నాలుగు పెట్టావు. ఆలస్యం తప్పు కాదు. పేరున్న కత్తివీరుడు మియమొతో ముసాషి 1612లో గన్ర్యూ దీవిలో ససాకి కొజిరోతో ద్వంద్వానికి కావాలనే ఆలస్యంగా వెళ్లాడని, తెడ్డు చెక్కి చేసుకున్న కర్రకత్తితో గెలిచాడని జపాన్‌లో తరతరాలుగా చెప్పుకుంటారు. ఎదుటివాడి సహనాన్ని కొట్టడమూ యుద్ధమే. కానీ అది ముసాషి స్వభావం. నీ కాపలాదారుడు మాటకి కట్టుబడ్డవాడు, అతని దెబ్బ అబద్ధమాడకూడదు. కొట్టబోతున్నట్టు కనిపిస్తే కొట్టి తీరాలి. మోసం చేసే బాస్ కావాలంటే సెకీరోలోనే మనల్ని పెంచిన తండ్రి ఆవుల్ ఉన్నాడు. పొగబాంబు వేసి గాయాలు మాన్పే మందు పనిచెయ్యకుండా చేస్తాడు, నక్షత్రం ఆకారపు ఇనుప బిళ్ల (షురికెన్) విసిరి దాని వెనకే దూకి నరుకుతాడు. అది మనం వాడే ఎత్తే. నేర్పినవాడు ఎదురుగా నిలబడ్డాడని ఆ ఎత్తు చూడగానే తెలుస్తుంది. ద్రోణుడి మీద విల్లెత్తాల్సొచ్చిన అర్జునుడి బాధ మనకి కొత్త కాదు కాబట్టి, ఇలాంటి ఫైట్ మన తెలుగు కుర్రాళ్లకి ఇంకా లోతుగా తగులుతుందని నా నమ్మకం.

గోస్ట్ ఆఫ్ త్సుషిమా కూడా ఇందుకే ఆడమన్నాను. 1274లో మంగోలులు త్సుషిమా దీవి మీద పడినప్పటి కథ, 2020లో వచ్చింది. దండెత్తి వచ్చిన ఖోతున్ ఖాన్‌తో పోరు కంటే పెంచిన మామ షిమురాతో ద్వంద్వమే జనం గుండెల్లో ఉండిపోయింది. అది గేమ్‌లో అన్నిటికన్నా కష్టమైన ఫైటని కాదు. ఎర్రటి మేపుల్ ఆకుల మధ్య ఇద్దరూ కత్తి దూసేసరికే ఆ మామా మేనల్లుళ్ల మధ్య ఏం తెగిపోయిందో మనకి పూర్తిగా తెలుసు. గెలిచాక చంపాలా వదలాలా అన్నది మన చేతిలో పెడతారు, అప్పుడు బటన్ నొక్కడానికి చెయ్యి రాదు. ఇంకో మంచి పని కూడా చేశారు. ద్వంద్వాల్లో చిన్న కత్తులు విసరడం, బాంబులు వెయ్యడం ఉండవు. కత్తి ఒక్కటే. నీ వంతెన మీద కూడా అంతే చెయ్యి. ఆడేవాళ్లు వెంట తెచ్చుకున్న సామాను, అంటే ఇన్వెంటరీ, మూసెయ్యి. దూరం నుంచి బాణాలతో అతన్ని చంపే వీలు ఉంటే చాలామంది అలాగే చంపుతారు, చంపి మర్చిపోతారు.

హెల్త్ బార్ తగ్గించు. 1997లో ప్లేస్టేషన్‌కి వచ్చిన బుషిడో బ్లేడ్‌లో అసలు హెల్త్ బారే లేదు, సరైన చోట తగిలితే ఒక్క దెబ్బకే అయిపోయేది, కాలికి తగిలితే మోకాళ్ల మీద పోరాడాల్సొచ్చేది. నువ్వు అంతదూరం వెళ్లక్కర్లేదు. కానీ కత్తి తగిలితే తేడా కనిపించాలి. ఇరవై సార్లు నరికినా నిటారుగా నిలబడేవాణ్ణి ఎవరూ మనిషనుకోరు. సెకీరో దీనికి వెతుక్కున్న దారి పోశ్చర్, అంటే నిలకడ. అది పూర్తిగా చెదిరితే ఆఖరి దెబ్బ కొట్టొచ్చు: ప్రాణం తగ్గేకొద్దీ అవతలివాడి నిలకడ ఆలస్యంగా కోలుకుంటుంది, నువ్వు వెనక్కి తగ్గితే మళ్లీ నిండిపోతుంది. కాబట్టి ధైర్యంగా దగ్గరే ఉండాలి. నియో అనే ఇంకో సమురాయ్ గేమ్‌లో బాస్‌కి కూడా మనలాగే అలసట ఉంటుంది, అది అయిపోతే రొప్పుతూ నిలబడిపోతాడు. ఈ రెండిట్లో ఏదో ఒకటి తీసుకుని నీ పద్ధతిలో మలుచుకో.

శబ్దం మీద డబ్బు పెట్టు. సరైన క్షణంలో అడ్డుకున్నప్పుడు ఒక మోత, ఆలస్యమైతే ఇంకో మోత ఉండాలి. కళ్లు మూసుకున్నా తేడా తెలియాలి. సంగీతం తర్వాత చూద్దాం.

ఓడిన తర్వాత మళ్లీ కత్తి కలిపేదాకా పట్టే టైమ్ నీ బిల్డ్‌లో (ఇప్పటిదాకా తయారైన, ఆడి చూడగల గేమ్‌లో) చాలా ఎక్కువగా ఉంది. లోడింగ్, ఆ అడవిదారి, మళ్లీ అదే కట్‌సీన్. ఆడేవాళ్ల మనసులో "ఇందాక ఎడమకి జరగాల్సింది" అన్న ఆలోచన వేడిగా ఉన్నప్పుడే వాళ్లని వంతెన మీద నిలబెట్టాలి. ఓడితే మళ్లీ మొదలయ్యే చెక్‌పాయింట్ వంతెన మొదట్లోనే పెట్టు. అతను పేరు చెప్పుకోవడం మాత్రం ఉంచు, యుద్ధంలో సమురాయ్ తన పేరు, వంశం చాటుకునే సంప్రదాయం నిజంగానే ఉంది. సెకీరోలో గుర్రమెక్కి కోట గుమ్మం కాచే గ్యోబు కేక ఎవరూ మర్చిపోలేదు. మొదటిసారి పూర్తిగా వినిపించు, తర్వాత నుంచి అతను కత్తి దూస్తుండగానే ఫైట్ మొదలైపోవాలి.

మూడు ఫేజ్‌లు ఎందుకని అడిగితే నీ దగ్గర జవాబు లేదు కదూ? ఒక్కటే పెట్టు. రెండోది కావాలంటే కథలో ఏదో మారాలి. ఉదాహరణకి అవతలి ఒడ్డున యజమాని పడవ కదిలిపోయినట్టు శంఖం మోగింది. అతని పని అయిపోయింది, ఇక వంతెన కాపాడక్కర్లేదు. అప్పుడు మొదటిసారి ముందుకు వస్తాడు. ఇందాకటిదాకా నెట్టిన మనిషి ఇప్పుడు చంపడానికి వస్తాడు. కొత్త ఆయుధం వద్దు, కొత్త ఎఫెక్టు వద్దు. అవే దెబ్బలు, అడుగు దిశ మారుతుంది, అంతే.

నెలాఖరుకి నాకో బిల్డ్ పంపు. ఆర్ట్ పెట్టకు, బూడిదరంగు పెట్టెలతోనే చెయ్యి, బాస్ కూడా ఒక పెట్టే. గేమ్ గురించి ఏమీ తెలియని నీ స్నేహితులు ఇద్దరి చేత ఆడించి, వాళ్లు ఆడుతున్నంతసేపూ నోరు మెదపకుండా చూడు. అయ్యాక "వీడు ఎలాంటివాడు?" అని మాత్రం అడుగు. కథ తెలియకపోయినా "ఎవరినో కాపాడుతున్నాడనుకుంటా" అన్నారంటే మీ ఆనిమేటర్‌ని పనిలోకి దింపు. "బాగా కష్టంగా ఉన్నాడు" అనే అన్నారంటే ముందు ఆ అర పేజీ నాకు పంపు, కూర్చుని మాట్లాడుకుందాం.

మీ మామయ్య