రేడియేటర్ల సర్దుబాటు: మేనల్లుడికి లేఖ

జయనగర్, బెంగళూరు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మాంచెస్టర్‌లో మీరు కొన్న ఇంట్లో, బాయిలరు కాచిన నీటిని గదుల్లోని రేడియేటర్లకు (గదిని వేడిచేసే ఇనుప పలకలకు) పంపు తిప్పుతున్నా, హాలు ఉడికిపోతుంటే మేడమీది వెనక గది మాత్రం వేడెక్కడం లేదనీ, పంపు వేగం పెంచమని ఎవరో సలహా ఇచ్చారనీ రాశావు. పంపు జోలికి ఇప్పుడే వెళ్లవద్దు. ఇళ్లను వేడిచేసుకునే అవసరం మా బెంగళూరులో లేకపోయినా, కార్యాలయ భవనాల ఏసీలకు చల్లటి నీటిని పంచే గొట్టాలను సరిచేయడంలోనే నా ఉద్యోగమంతా గడిచింది కనుక, నీటి తీరు 7 డిగ్రీల దగ్గరైనా 70 డిగ్రీల దగ్గరైనా ఒకటేనని ధైర్యంగా చెప్పగలను.

నీరు అడ్డు తక్కువగా ఉన్న దారినే ఎక్కువగా పడుతుంది. ఎగువ రైతు తూము పూర్తిగా ఎత్తేస్తే చివరి ఆయకట్టు ఎండినట్టు, పంపుకు దగ్గరి రేడియేటర్లు నీటిని మింగేస్తే దూరపు గదికి మిగిలేది తక్కువ. అందుచేత నీ చెయ్యి పడవలసింది చల్లగా ఉన్న గదిలో కాదు, అన్నిటికంటే ముందు వేడెక్కుతున్న గదిలో.

అయితే జబ్బు అదేనా అన్నది ముందు తేల్చుకో. రేడియేటరు పైభాగం మాత్రమే చల్లగా ఉంటే లోపల గాలి చేరినట్టు. చల్లారాక బ్లీడ్ వాల్వును, అంటే గాలి వదిలే చిన్న మరను, కాస్త తిప్పి, గాలి పోయి నీటిచుక్క కనబడగానే మూసి, బాయిలరు ఒత్తిడి 1 నుంచి 1.5 బార్ మధ్య ఉందో లేదో చూడు. అడుగున మధ్యభాగం చల్లగా ఉంటే తుప్పు బురద పేరుకున్నట్టు, దాన్ని కడిగించవలసిందే.

ఇక అసలు పని. అన్నీ చల్లారిన తరువాత ప్రతి రేడియేటరుకూ రెండువైపులా వాల్వులు పూర్తిగా తెరిచి, బాయిలరు వేసి, ఏది ముందు వేడెక్కిందో, ఏది ఆఖరున వేడెక్కిందో వరుసగా రాసుకో. మొదటిదాని లాక్‌షీల్డ్ వాల్వును, అంటే ప్లాస్టిక్ టోపీ కింద స్పానరుతో తిప్పేదాన్ని, పూర్తిగా మూసి పావు చుట్టు మాత్రమే తెరువు. కొన్ని నిమిషాలు ఆగి, నీరు వచ్చే గొట్టానికీ తిరిగి వెళ్లే గొట్టానికీ మధ్య ఉష్ణోగ్రత తేడాను థర్మామీటరుతో కొలువు. చేత్తో తాకి చూడటాన్ని నేను నమ్మను. అంత వేడిలో 60కీ 70కీ చేతికి తేడా తెలియదు.

పాత బాయిలర్లకు ఆ తేడా 11, 12 డిగ్రీలయ్యేదాకా లాక్‌షీల్డ్ వాల్వును కాస్త కాస్త తిప్పితే చాలు. నీ ఇంట్లో ఉన్నది కండెన్సింగ్ బాయిలరైతే 20 డిగ్రీల దాకా రానివ్వు, ఎందుకంటే తిరిగివచ్చే నీరు 55 డిగ్రీలకంటే చల్లగా ఉన్నప్పుడే పొగలోని ఆవిరి నీరుగా మారి, దానిలోని వేడి వృథా పోకుండా తిరిగి అందుతుంది. రేపు బాయిలరు బదులు హీట్ పంపు, అంటే బయటి వేడిని లాగి నీటికి అందించే యంత్రం, పెట్టించుకుంటే మాత్రం ఈ లెక్క పనికిరాదు. అక్కడ తేడా సుమారు 5 డిగ్రీలే.

అదే వరుసలో ఒక్కొక్కటీ సరిచేస్తూ పోయి, ఆఖరుదాన్ని పూర్తిగా తెరిచే ఉంచు. ఒకటి తిప్పితే మిగిలినవన్నీ కొంత కదులుతాయి కాబట్టి రెండో విడత తప్పదు. ఈ పనిలో ఓపికే పెద్ద పనిముట్టు. పాత వాల్వు బిగుసుకుపోయి ఉంటే బలవంతం చేయక ప్లంబరును పిలువు. ఏ వాల్వు ఎన్ని చుట్లు తెరిచావో కాగితంమీద రాసి బాయిలరు పక్కనే అంటించు. గోడలకు రంగులు వేయడానికి రేడియేటరు విప్పిన మనిషి దాన్ని మళ్లీ ఎలా పడితే అలా తెరిచి వెళ్లిపోతాడు.

ఇట్లు,
మామయ్య