పాత అంబాసిడర్ వెనక లైట్లు రాత్రిపూట ఆనడం లేదు, ఎల్ఈడీ బల్బులు వేయొచ్చా?

వేయొచ్చు. కానీ మీరు రాత్రిపూట భాకరాపేట ఘాట్‌లో తిరుగుతామని రాశారు కాబట్టి ఒక మాట: బల్బులు ఇప్పుడే కొనకండి. నేను ముందు ఆ పనే చేసి డబ్బులు పోగొట్టుకున్నాను.

మాది చిత్తూరు. నాన్న కొన్న 1986 నాటి ప్రీమియర్ పద్మిని ఇంకా నడుపుతున్నాను. మూడేళ్ల కిందట ఒక రాత్రి, పాకాల దాటాక, వెనక ఒక్క లైటూ లేని చెరుకు ట్రాక్టరు ఉన్నట్టుండి నా ముందు కనపడింది. బ్రేకు తొక్కాను. నా వెనక లారీ డిక్కీకి జానెడు దూరంలో ఆగింది. డ్రైవరు దిగొచ్చి, "లైటు వెలిగిందా సామీ? నాకైతే కనపడలా" అన్నాడు. తిట్టినా బాగుండేది.

మర్నాడే తెల్ల ఎల్ఈడీలు తెచ్చి పెట్టాను. ఎర్ర అద్దంలోంచి బీట్‌రూట్ కడిగిన నీళ్ల రంగు వచ్చింది. ఆ తెల్ల వెలుగులో ఎరుపు పాలు తక్కువ, మిగతాదంతా అద్దమే మింగేస్తుంది. ఎర్ర అద్దానికి ఎర్ర ఎల్ఈడీయే వేయాలి.

అసలు రోగం పట్టుకున్నది మా వీధి చివర ముసలి ఎలక్ట్రీషియన్. ఇంజిన్ నడుస్తుండగా మీటరు పెడితే బ్యాటరీ దగ్గర 13.6 వోల్టులు, పాత బల్బు హోల్డర్ దగ్గర 10.8. మిగతాది తుప్పు తినేసింది. పాత కార్లలో హోల్డర్‌కు ఎర్త్, అంటే కరెంటు బ్యాటరీకి తిరిగిపోయే దారి, బాడీ రేకు నుంచే అందుతుంది. మామూలు బల్బుకు వోల్టేజీ ఐదో వంతు తగ్గితే వెలుగు సగానికి పైగా పడిపోతుంది. మీరూ చూసుకోవచ్చు: బ్యాటరీ మైనస్ నుంచి పొడుగు వైరు లాగి హోల్డర్ ఇనుముకు తాకించండి. బల్బు ఒక్కసారిగా కాంతిగా వెలిగితే తప్పు ఎర్త్‌దే. నేను హోల్డర్లను ఎమరీ పేపర్‌తో రుద్ది, ఒక్కోదానికీ విడిగా ఎర్త్ వైరు వేయించాను. లోపల వెలిసిపోయిన రిఫ్లెక్టర్‌కు వెండి పెయింటు పూశాం. సగం సమస్య అక్కడే తీరింది.

బ్రేకు స్విచ్ కూడా చూపించండి. చాలా పాత కార్లలో అది బ్రేకు ఆయిల్ ఒత్తిడితో పనిచేస్తుంది. అరిగితే గట్టిగా తొక్కితే తప్ప లైటు రాదు. ఘాట్ దిగేటప్పుడు మనం తొక్కేదేమో మెల్లగానే కదా!

ఇవన్నీ అయ్యాకే ఎర్ర ఎల్ఈడీలు వేశాను. మామూలు బల్బు పూర్తిగా వెలగడానికి సెకనులో ఐదో వంతు దాకా పడుతుంది. 80 కిలోమీటర్ల వేగంలో ఆలోపే బండి నాలుగు మీటర్లు పోతుంది. ఎల్ఈడీకి ఆ ఆలస్యం లేదు. చుట్టూ వెలుగు చిమ్మే రకం తీసుకోండి, ముందుకే కొట్టేదైతే రిఫ్లెక్టర్ ఉన్నా దండగే. టెయిల్ లైటుకూ బ్రేకు లైటుకూ తేడా స్పష్టంగా ఉందో లేదో ఒకరిని వెనక నిలబెట్టి, మిట్టమధ్యాహ్నం ఎండలో చూడమనండి. చవక రకాల్లో ఆ తేడా తెలియదు.

ఇండికేటర్ల జోలికి నేను పోలేదు. ఇండికేటర్లను వెలిగించి ఆర్పే డబ్బా ఫ్లాషర్, పాత రకమైతే బల్బు లాక్కునే కరెంటును బట్టి కొట్టుకుంటుంది. ఎల్ఈడీ వేస్తే పిచ్చిగా కొట్టుకుంటుంది, లేదా అసలు కొట్టుకోదు. వేయాలనుకుంటే ఫ్లాషర్‌ను కూడా ఎలక్ట్రానిక్‌ది మార్చాలి.

చివరగా వెనక అద్దం లోపల, పైన, మూడో బ్రేకు లైటు పెట్టించాను. లారీ డ్రైవరు కంటి ఎత్తుకు దగ్గరగా ఉండేది అదే. మినుకుమినుకుమనే రకం మాత్రం వద్దు, మా బావమరిది ఎంత చెప్పినా వినకుండా అదే పెట్టించుకున్నాడు. వాడి వెనక బండి నడపాలంటే నాకు టెన్షన్.