చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు: గోల్ఫ్ కోచ్‌కు ఆ కోర్సు అవసరమా?

ప్రశ్న: డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఆరేళ్లుగా గోల్ఫ్ ఆడుతున్నాను, హ్యాండిక్యాప్ (ఆట స్థాయి చెప్పే అంకె, ఎంత తక్కువైతే అంత మేలు) 4. టోర్నమెంట్ల కన్నా నేర్పడం మీదే ఆసక్తి. ఒక డ్రైవింగ్ రేంజ్‌లో (బంతులు కొట్టి సాధన చేసే చోట) సీనియర్ కోచ్ దగ్గర అసిస్టెంటుగా చేస్తున్నాను. నేను చెప్పేది కొందరికి ఇట్టే అందుతుంది, కొందరికి ఎంత చెప్పినా ఎక్కదు. 'వచ్చినవాళ్లందరికీ ఒకే పాఠం అప్పజెబుతున్నావు' అని మా కోచ్ అన్నారు. విద్యార్థులకు టెస్టు పెట్టి విజువల్ (చూసి నేర్చే), ఆడిటరీ (విని నేర్చే), కైనెస్థెటిక్ (చేసి నేర్చే) అని విడదీసి నేర్పే సర్టిఫికెట్ కోర్సు ఒకటి ఆన్‌లైన్‌లో కనిపించింది. అది చేస్తే నా కెరీర్‌కు ఉపయోగమా?

జవాబు: మీ కోచ్ పట్టుకున్న లోపం నిజమే. దానికి ఆ కోర్సు మాత్రం మందు కాదు.

చూసి నేర్చేవాడికి చూపించాలి, విని నేర్చేవాడికి చెప్పాలి అన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు సైకాలజిస్టులు అప్పటిదాకా జరిగిన పరిశోధనలను జల్లెడ పట్టి, ఒక్కొక్కరి స్టైల్‌కు తగ్గట్టు బోధిస్తే ఎక్కువ వస్తుందనడానికి సరైన ఆధారం లేదని తేల్చారు. ఇష్టాలు ఉంటాయి, కాదనను. ఒకరికి వీడియో ఇష్టం, ఇంకొకరికి మాటలు ఇష్టం. ఇష్టమైనట్టు చెబితే పాఠం హాయిగా సాగుతుంది, అంతవరకే. 'నేను విని నేర్చుకునే రకం' అన్న మనిషి కూడా చివరికి క్లబ్ (గోల్ఫ్ కర్ర) పట్టుకుని ఊపాల్సిందే కదా.

అలాగని అందరికీ ఒకే పాఠం పనికిరాదు. పేరున్న గోల్ఫర్లనే చూడండి. ఫిల్ మికెల్సన్ చిన్నప్పుడు తండ్రికి ఎదురుగా నిలబడి, అద్దంలో బొమ్మలా ఆయన స్వింగ్‌ను అనుకరించాడు. కుడిచేతి వాటం మనిషి గోల్ఫ్ మాత్రం ఎడమచేతి వాటంగా ఆడటం అలా మొదలైంది. బబ్బా వాట్సన్ కోచ్ దగ్గర పద్ధతిగా పాఠాలు చెప్పించుకోకుండానే 2012, 2014ల్లో మాస్టర్స్ అనే పెద్ద టోర్నమెంట్ గెలిచాడు. బ్రైసన్ డిషాంబో ఫిజిక్స్ చదివినవాడు, మామూలుగా ఒక్కోటి ఒక్కో పొడవుండే ఐరన్ క్లబ్బులన్నీ ఒకే పొడవుండేలా చేయించుకుని ఆడినవాడు. ఈ ముగ్గురూ చిన్నప్పుడే మీ రేంజ్‌కు వచ్చి ఉంటే? డిషాంబోకు 'ఎందుకు' అన్నది చెప్పకపోతే ఊరుకునేవాడు కాదేమో. వాట్సన్‌కు చెబితే, ఉన్న ఆట కూడా చెడేది. ఎంత వివరణ కావాలన్న దగ్గరే మనిషికీ మనిషికీ తేడా ఎక్కువ. ఆ టెస్టులో అది దొరకదు.

మీకు రోజూ ఎదురయ్యే స్లైస్‌నే తీసుకుందాం. కుడిచేతి ఆటగాడు కొడితే బంతి ఎడమకు బయల్దేరి కుడికి ఒంపు తిరిగిపోతోంది. క్లబ్ బయటి నుంచి లోపలికి కోసుకుంటూ వస్తోంది, ఆ దారితో పోలిస్తే క్లబ్‌ఫేస్ (బంతికి తగిలే ముఖం) కుడికి తెరుచుకుని ఉంది. లెక్కలంటే ఇష్టమున్న ఇంజినీరుకు లాంచ్ మానిటర్‌లో (షాట్‌ను కొలిచే యంత్రంలో) పాత్ (క్లబ్ దారి), ఫేస్ అంకెలు పక్కపక్కన చూపిస్తే కళ్లు మెరుస్తాయి. పదేళ్ల పిల్లకు ఆ అంకెలెందుకు? బంతికి కాస్త వెనగ్గా, అవతలి పక్కన ఒక హెడ్‌కవర్ (క్లబ్ తలకు వేసే తొడుగు) పెట్టి 'దీనికి తగలకుండా కొట్టు చూద్దాం' అనండి. రెండు మూడుసార్లు హెడ్‌కవర్ ఎగిరిపడుతుంది, పిల్ల నవ్వుతుంది, ఆ తర్వాత క్లబ్ దారి దానంతట అదే మారడం మొదలవుతుంది. అరవై దాటిన పెద్దాయనకు ముందు చూడాల్సింది భుజాలు, నడుము ఎంతవరకు తిరుగుతున్నాయన్నది. తిరగకపోతే వీడియో, అంకెలు ఏవీ అక్కరకు రావు. కుడి పాదం కొద్దిగా వెనక్కి పెట్టించి నిలబెడితే సగం పని అవుతుంది. ఆయనది లెర్నింగ్ స్టైల్ సమస్య కానే కాదు, ఒంటి సమస్య.

మాట ఎంపిక కూడా చాలా ముఖ్యం. 1999లో గాబ్రియేల్ వుల్ఫ్ అనే పరిశోధకురాలి బృందం కొత్తవాళ్లకు పిచ్ షాట్ (తక్కువ దూరానికి బంతిని పైకి లేపి కొట్టే షాట్) నేర్పింది. ఒక గుంపును చేతుల ఊపు మీద, ఇంకో గుంపును క్లబ్ ఊపు మీద దృష్టి పెట్టమన్నారు. క్లబ్ మీద దృష్టి పెట్టినవాళ్లే గురికి దగ్గరగా కొట్టారు. 'మోచెయ్యి వంచకండి' అనేదానికి బదులు 'క్లబ్‌హెడ్‌ను అటు విసిరినట్టు ఊపండి' అనడం ఎందుకు మేలో దీన్నిబట్టి చూడండి. గ్రిప్ విషయంలో పాత కోచ్‌లు చెప్పే పోలిక ఒకటుంది: పిట్టను పట్టుకున్నట్టు పట్టుకో, ఎగిరిపోకూడదు, నలిగిపోకూడదు. ఎంత బిగువుండాలో అర్థం కావడానికి ఇంతకన్నా ఏం కావాలి?

నా సొంత గోడు కూడా వినండి. కొన్నేళ్ల కింద నేనూ సరదాపడి ఒక కోచ్ దగ్గర చేరాను. మొదటి అరగంటలో తల, భుజం, మోచెయ్యి, మణికట్టు, మోకాలు, మడమ అంటూ ఏకరువు పెట్టారు. పదో బంతికల్లా నాకు క్లబ్ ఎత్తాలంటేనే టెన్షన్. పాపం ఆయనకు తెలియనిది లేదు, ఆపడమే తెలియదు. రిచ్ మాస్టర్స్ అనే పరిశోధకుడు 1992లో పట్టింగ్ (బంతిని గుంటలోకి దొర్లించడం) మీద చేసిన ప్రయోగంలోనూ, సూచనలు నూరిపోయించుకుని నేర్చినవాళ్లే ఒత్తిడిలో తడబడ్డారు.

మీ విద్యార్థి ప్రతి బంతికీ వెనక్కి తిరిగి మీ ముఖం చూస్తున్నాడా? అయితే మీరు ఎక్కువ మాట్లాడుతున్నట్టే. అయిదు బంతుల దాకా నోరు మెదపకుండా ఉండి, తర్వాత 'ఏం గమనించారు?' అని అడగండి. జవాబులో అతను బంతి గురించి మాట్లాడాడా, ఒంటి గురించి మాట్లాడాడా, కారణం అడిగాడా అన్నదాన్ని బట్టి పాఠం ఎటు తిప్పాలో తెలుస్తుంది.

ఇక కెరీర్ సంగతి. కోర్సు ఉచితమైతే సరదాకి చూడండి, రెజ్యూమెలో బరువు మాత్రం ఆశించకండి. 1901లో బ్రిటన్‌లో మొదలైన పీజీఏ (ప్రొఫెషనల్ గోల్ఫర్స్ అసోసియేషన్) లాంటి వృత్తి సంస్థలు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి. మీకు వర్తించే సంస్థ ఇచ్చే టీచింగ్ అర్హత వైపు వెళ్లండి. లాంచ్ మానిటర్ అంకెలు చదవడం ఎలాగూ నేర్చుకోవాలి. ఈలోగా, విద్యార్థి అనుమతితో మీ లెసన్లు నాలుగు ఫోన్‌లో రికార్డు చేసి, ఒక్కో లెసన్‌లో ఎన్ని సూచనలిచ్చారో కూర్చుని లెక్కపెట్టండి. ఒక్కొక్కరికి ఏ మాట అందిందో, ఏది అందలేదో చిన్న నోటు పుస్తకంలో రాసుకోండి. ఎక్కడం లేదన్న ఆ కొందరినే మీ సీనియర్ ఎలా పట్టుకుంటున్నారో పక్కన నిలబడి చూడండి.

అన్నట్టు, అసిస్టెంటు పనిలో పడి చాలామంది సొంత ఆట మానేస్తారు. అర్హత కోసం ఆటలో పరీక్ష కూడా పెట్టే సంస్థలున్నాయి. హ్యాండిక్యాప్ 4 దగ్గరే ఉండాలంటే వారంలో ఒక పూట మీ ఆటకు మీరు దాచుకోండి.