తరగతి గదిలో చట్టం: పాఠకుల ప్రశ్నలు, సమాధానాలు

బడిపిల్లలకు చట్టం గురించీ, పౌరుల హక్కులూ బాధ్యతల గురించీ ఎలా బోధించాలో, అందుకు ఎలాంటి సామగ్రి వాడాలో అడుగుతూ ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు, విద్యార్థులు రాసిన ఉత్తరాలలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాము.

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు సాంఘిక శాస్త్రం బోధిస్తాను. ప్రాథమిక హక్కులు ఎన్ని అని అడిగితే పిల్లలు ఆరు అని ఠక్కున చెబుతారు. వాటిలో ఒక్కటైనా తమ జీవితంలో ఎక్కడ పనికొస్తుందో చెప్పమంటే మాత్రం తల దించుకుంటారు. మా బడిలో ప్రొజెక్టర్ లేదు, ఇంటర్నెట్ అంతంత మాత్రమే. ఏ సామగ్రి వాడమంటారు?
– ఉపాధ్యాయురాలు, ప్రకాశం జిల్లా

సమాధానం: మీకు కావలసింది ప్రొజెక్టర్ కాదు, ఒక మంచి తగాదా. హక్కుల జాబితాను ఎన్నిసార్లు చదివించినా అది జాబితాగానే మిగిలిపోతుంది. ఇద్దరు మనుషులు ఒకే విషయంపై రెండు వైపులా నిలబడి, ఇద్దరి మాటలోనూ కొంత న్యాయం ఉన్నట్టు తోచినప్పుడే పిల్లలు అధికరణలను పట్టిపట్టి చదువుతారు. అటువంటి తగాదాలు మన సుప్రీంకోర్టు తీర్పులలో ఎన్నో ఉన్నాయి. నేను మొదట సూచించేది మాత్రం ఒక బడిలోనే పుట్టిన కేసు, బిజో ఇమ్మాన్యుయేల్ వర్సెస్ కేరళ రాష్ట్రం.

కథ చిన్నది. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖకు చెందిన ముగ్గురు తోబుట్టువులు పదో తరగతి, తొమ్మిదో తరగతి, ఐదో తరగతి చదువుతుండేవారు. ఉదయం ప్రార్థన సమయంలో జనగణమన పాడుతున్నంతసేపూ వాళ్ళు అందరితోపాటు మర్యాదగా లేచి నిలబడేవారే గానీ, తమ మత విశ్వాసం ఒప్పుకోదు కాబట్టి గొంతు కలిపేవారు కాదు. ఈ సంగతి శాసనసభ దాకా వెళ్ళింది. విచారణ జరిపినవారు పిల్లలు జాతీయ గీతాన్ని అవమానించలేదని నివేదిక ఇచ్చినప్పటికీ, విద్యాశాఖ అధికారి ఆదేశంతో 1985 జూలైలో ప్రధానోపాధ్యాయురాలు వారిని బడి నుంచి పంపించివేశారు. హైకోర్టులో వారికి ఊరట దొరకలేదు. కేసు సుప్రీంకోర్టుకు చేరింది.

మొదటి పీరియడ్‌లో ఇంతవరకే చెప్పండి, తీర్పు చెప్పకండి. ఒకే కాగితం మీద ఐదు అంశాలు రాయించి ఇవ్వండి: రాజ్యాంగ అధికరణలలో వాక్ స్వాతంత్ర్యాన్ని ఇచ్చే 19(1)(ఎ), దానిపై ఏ కారణాలతో చట్టం ద్వారా పరిమితులు విధించవచ్చో చెప్పే 19(2), అంతరాత్మ స్వేచ్ఛను, మత స్వేచ్ఛను ఇచ్చే 25(1), జాతీయ గీతాన్ని గౌరవించడం పౌరుని విధి అని చెప్పే 51ఎ(ఎ), జాతీయ గీతాలాపనను కావాలని అడ్డుకున్నా, ఆలపిస్తున్న సమావేశానికి భంగం కలిగించినా శిక్ష అని చెప్పే 1971 నాటి జాతీయ గౌరవ అవమానాల నిరోధక చట్టంలోని మూడో సెక్షన్. తరగతిని మూడు జట్లు చేయండి. ఒక జట్టు పిల్లల తరఫున, ఒకటి విద్యాశాఖ తరఫున వాదించాలి, మూడోది ధర్మాసనంగా కూర్చుని ప్రశ్నలు అడగాలి. ఒక్కటే నిబంధన పెట్టండి: ‘నాకు అలా అనిపిస్తోంది’ అంటే కుదరదు, ఏ మాట చెప్పినా కాగితం మీద ఉన్న ఏదో ఒక వాక్యాన్ని వేలు పెట్టి చూపించి చెప్పాలి.

తరగతిలో ఎక్కువమంది మొదట బడి పక్షమే మాట్లాడతారు. జాతీయ గీతం పాడకపోవడం తప్పేనని గట్టిగా అంటారు. అననివ్వండి. కాసేపటికి ధర్మాసనంలో కూర్చున్న ఎవరో ఒకరు, ‘ఈ సెక్షన్‌లో అడ్డుకుంటే తప్పు అని ఉంది, పాడకపోతే తప్పు అని ఎక్కడుంది?’ అని అడుగుతారు. పాఠం మొదలయ్యేది ఆ ప్రశ్నతోనే. ఎవరూ అడగకపోతే మీరే ఆ సెక్షన్‌ను రెండుసార్లు బిగ్గరగా చదివించండి.

రెండో పీరియడ్‌లో తీర్పు చెప్పండి. ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి సుప్రీంకోర్టుకు వెళ్ళిన మన జస్టిస్ ఓ.చిన్నపరెడ్డి, జస్టిస్ ఎం.ఎం.దత్‌తో కూడిన ధర్మాసనం 1986 ఆగస్టు 11న ఆ పిల్లలను తిరిగి చేర్చుకోవాలని ఆదేశించింది. జాతీయ గీతం తప్పనిసరిగా పాడాలని ఏ చట్టమూ చెప్పడం లేదని, లేచి నిలబడడంలోనే తగిన గౌరవం ఉందని, ప్రాథమిక హక్కుకు పరిమితి పెట్టాలంటే చట్టం ఉండాలే తప్ప శాఖాపరమైన సర్క్యులర్ సరిపోదని ధర్మాసనం వివరించింది. గీతంలో ఏ మతాన్నైనా నొప్పించే మాట ఉందా అని హైకోర్టు చూసింది. సుప్రీంకోర్టు అది కాదు ప్రశ్న అని, ఆ పిల్లల విశ్వాసం నిజాయితీతో కూడినదా కాదా అన్నదే ప్రశ్న అని చెప్పింది. ఒకే సంఘటనను రెండు కోర్టులు రెండు వేర్వేరు ప్రశ్నలతో చూడడం వల్ల ఫలితం ఎలా మారిపోయిందో పిల్లల చేత నోట్సులో రాయించండి. ఆ పిల్లలు కావాలని కూర్చుండిపోయి ఉంటే? పక్కవాళ్ళను పాడనివ్వకుండా గోల చేసి ఉంటే? ఈ రెండు ప్రశ్నలు ఇంటిపనికి ఇస్తే చాలు.

ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరిగా పాటించాలి. మీ తరగతిలో మైనారిటీ మతానికి చెందిన విద్యార్థి ఉంటే, ఆ పిల్లల పక్షం వాదించే పని ఆ విద్యార్థికే అప్పగించకండి. వాదన పాఠంగా ఉండాలి గానీ ఒక పిల్లవాడి ఇంటి సంగతిగా మారకూడదు. రాజ్యాంగం పూర్తి పాఠం తెలుగులో కేంద్ర న్యాయశాఖ శాసన విభాగం వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. మొత్తం అక్కరలేదు, కావలసిన రెండు మూడు పేజీలు మండల కేంద్రంలో ఒకసారి ప్రింట్ తీయించుకుంటే ఏళ్ళ తరబడి పనికొస్తాయి.

ప్రశ్న: మా బడిలో చట్టాలపై దాతలు ఇచ్చిన చార్టులు, చిన్న పుస్తకాలు చాలా ఉన్నాయి. అన్నింటిలోనూ ఐపీసీ సెక్షన్లే ఉన్నాయి. ఇంకా వాడవచ్చా?
– ప్రధానోపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

సమాధానం: అలాగే గోడకు ఉంచితే పిల్లలకు తప్పు నేర్పినట్టే అవుతుంది. 1860 నాటి భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ) స్థానంలో భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. నేర విచారణ ప్రక్రియా స్మృతి (సీఆర్‌పీసీ) స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం వచ్చాయి. హత్యకు శిక్ష చెప్పే 302 ఇప్పుడు 103 అయింది. మన ఊళ్ళలో తిట్టుగా స్థిరపడిపోయిన 420 ఇప్పుడు 318లో ఉంది. అయితే ఆ తేదీకి ముందు జరిగిన నేరాల విచారణ పాత శిక్షాస్మృతి ప్రకారమే సాగుతుంది కాబట్టి, పత్రికలలో రెండు రకాల సెక్షన్లూ ఇంకా కొన్నేళ్ళు కనిపిస్తాయని పిల్లలకు చెప్పాలి.

పాత చార్టులను పారవేయకుండా వాటినే పాఠం చేయండి. పాత చార్టు ఒకవైపు, కొత్త చట్టం మరోవైపు పెట్టి ఏమి మారిందో, ఏమి మారలేదో పిల్లల చేతనే పట్టిక వేయించండి. ఉదాహరణకు, ఐదు వేల రూపాయల లోపు విలువైన వస్తువును దొంగిలించి మొదటిసారి దోషిగా తేలిన వ్యక్తి ఆ వస్తువునో, దాని విలువనో తిరిగి ఇస్తే, సమాజ సేవను శిక్షగా విధించాలని కొత్త చట్టం చెబుతోంది. పాత చట్టంలో ఇది లేదు. ఇది ఎందుకు పెట్టి ఉంటారు, ఎలాంటి సేవ చేయించాలి అని అడిగితే ఏడో తరగతి పిల్లలు కూడా ఆసక్తిగా మాట్లాడతారు. మిగతా పుస్తకాలలో చట్టం పేరు పక్కన ఉన్న సంవత్సరం చూడండి. బాలల న్యాయ చట్టం 2000 అని ఉంటే దాని స్థానంలో 2015 చట్టం, వినియోగదారుల రక్షణ చట్టం 1986 అని ఉంటే 2019 చట్టం వచ్చాయని గుర్తించండి. అనుమానం వస్తే కేంద్ర ప్రభుత్వ ఇండియా కోడ్ వెబ్‌సైట్‌లో సరిచూసుకోవచ్చు.

ప్రశ్న: పిల్లలకు హక్కుల గురించి చెబితే పెద్దలకు ఎదురు తిరగడం నేర్చుకుంటున్నారు. బడిలో విధులు మాత్రమే నేర్పితే మంచిది కాదా?
– ఒక తండ్రి, రాజమహేంద్రవరం

సమాధానం: మీ ఆందోళన అర్థమవుతోంది, కానీ ఆ సూచనతో నేను ఏకీభవించలేను. విధులు నేర్పాలనుకున్నా రాజ్యాంగంలో వాటిని చెప్పే 51ఎ అధికరణను పూర్తిగానే నేర్పాలి. 1976లో 42వ సవరణ ద్వారా చేర్చిన ఆ విధులలో శాస్త్రీయ దృక్పథాన్ని, మానవతావాదాన్ని, జిజ్ఞాసను, సంస్కరణ భావాన్ని పెంపొందించుకోవడం కూడా ఒకటి. అంటే, ‘ఎందుకు?’ అని అడగడం కూడా పౌరుని విధిగానే రాజ్యాంగం లెక్కిస్తోంది. 2002లో 86వ సవరణ ద్వారా చేరిన పదకొండో విధి అయితే నేరుగా మీకూ నాకూ, అంటే ఆరు నుంచి పద్నాలుగేళ్ళ లోపు పిల్లలున్న తల్లిదండ్రులకూ సంరక్షకులకూ చెప్పినది: పిల్లలకు చదువుకునే అవకాశం కల్పించాలి. మీ అబ్బాయి ఆ వాక్యం మీకు చదివి వినిపిస్తే దాన్ని ఎదురు తిరగడంగా తీసుకోకండి. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ బడిలో శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. ఆ సంగతి తెలిసిన పిల్లవాడు తన బాధను ఇంట్లో చెప్పుకోగలుగుతాడు, తెలియనివాడు దెబ్బ దాచుకుని బడి మానేస్తాడు.

ప్రశ్న: బాల్య వివాహ నిషేధ చట్టం గురించి పాఠం చెప్పిన రోజు, పీరియడ్ అయ్యాక పదో తరగతి అమ్మాయి స్టాఫ్‌రూం దగ్గరకు వచ్చి, తనకు సంబంధం కుదిర్చారని, ఎవరికీ చెప్పవద్దని అన్నది. ఇలాంటప్పుడు ఉపాధ్యాయులు ఏమి చేయాలి?
– పేరు రాయలేదు

సమాధానం: ఈ ఉత్తరానికి విడిగా కూడా జవాబు పంపాము. ఇలాంటి పాఠం చెప్పే ప్రతి ఉపాధ్యాయుడూ తెలుసుకోవలసిన విషయం కాబట్టి ఇక్కడా రాస్తున్నాము. ‘ఎవరికీ చెప్పను’ అని మాట ఇవ్వకండి. ‘నీకు సాయం చేయగలవాళ్ళకు మాత్రమే చెబుతాను, తరగతిలో ఎవరికీ తెలియనివ్వను’ అని చెప్పండి. వెంటనే ఒంటరిగా తల్లిదండ్రుల దగ్గరకు వెళ్ళి వాదించడం కూడా మంచిది కాదు. ముహూర్తాన్ని ముందుకు జరిపి, వేరే ఊళ్ళో పెళ్ళి చేసేసే ప్రమాదం ఉంది. పగలైనా రాత్రైనా పనిచేసే బాలల సహాయవాణి 1098కి ఫోన్ చేయండి, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ అధికారులకు తెలియజేయండి.

2006 చట్టం ప్రకారం అమ్మాయికి 18, అబ్బాయికి 21 ఏళ్ళు నిండాలి. జరగబోయే బాల్య వివాహాన్ని ఆపుతూ మొదటి తరగతి జుడీషియల్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు ఇవ్వవచ్చు. ఆ ఉత్తర్వును కాదని చేసిన పెళ్ళి అసలు చెల్లదు. పెళ్ళి ముప్పు పొంచి ఉన్న బాలికను రక్షణ, సంరక్షణ అవసరమైన బిడ్డగా బాలల న్యాయ చట్టం గుర్తిస్తుంది కాబట్టి బాలల సంక్షేమ కమిటీ కూడా కలగజేసుకుంటుంది. ఒకవేళ ఆ అమ్మాయి లైంగిక వేధింపు గురించి చెబితే, లైంగిక నేరాల నుంచి పిల్లలను రక్షించే పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు తెలియజేయడం మీ ఇష్టానికి వదిలేసిన విషయం కాదు, తెలియజేయకపోవడం నేరం.

ఇకమీదట ఈ పాఠం చెప్పే ముందే బోర్డు మూలన 1098 అని రాసి, పీరియడ్ అయిపోయినా చెరపకండి. మన ఊరి సంఘటనలను పోలిన పాత్రలతో నాటికలు వేయించకండి. పాఠంలో చెప్పే కథ ఎక్కడో దూరపు ఊరిదై ఉంటేనే పిల్ల ధైర్యంగా వచ్చి తన కథ చెప్పుకుంటుంది.

ప్రశ్న: ప్రాజెక్టు పని కింద సమాచార హక్కు దరఖాస్తు రాయించాలనుకుంటున్నాను. పిల్లలు దరఖాస్తు చేయవచ్చా?
– ఉపాధ్యాయుడు, కర్నూలు జిల్లా

సమాధానం: 2005 చట్టం ‘పౌరులందరికీ’ అని చెప్పింది, వయసు షరతు పెట్టలేదు. ప్రాజెక్టులో అసలు నేర్పు ప్రశ్నను రాయడంలోనే ఉంది. ‘మా బడికి ప్రహరీ గోడ ఎందుకు కట్టలేదు?’ అని పిల్లలు రాస్తారు. ఈ చట్టం కింద అధికారి ఇవ్వవలసింది తన దగ్గర ఉన్న రికార్డును, సంజాయిషీని కాదు. కాబట్టి ‘ఫలానా సంవత్సరంలో ప్రహరీ గోడకు మంజూరైన మొత్తం, ఖర్చు చేసిన మొత్తం, ఆ పని ఎం-బుక్ (కొలతల పుస్తకం) నకలు ఇప్పించగలరు’ అని దిద్దించండి. ఒకే దరఖాస్తును అలా మూడుసార్లు తిరగరాస్తే పిల్లలకు ప్రభుత్వ కార్యాలయం ఎలా పనిచేస్తుందో తెలిసివస్తుంది. జవాబు సాధారణంగా 30 రోజులలో రావాలి. ఆ తేదీని తరగతి క్యాలెండర్ మీద గుర్తు పెట్టించండి. రాకపోతే మొదటి అప్పీలు రాయడం తర్వాతి పాఠం.

ప్రశ్న: కోర్టును పిల్లలకు చూపించవచ్చా? అనుమతి ఎవరిని అడగాలి?
– ఉపాధ్యాయురాలు, వరంగల్

సమాధానం: మన కోర్టులు సాధారణంగా బహిరంగంగానే విచారణ జరుపుతాయి. కానీ తరగతి మొత్తాన్ని తీసుకువెళ్ళాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి ముందుగా లేఖ రాయండి. బడికి న్యాయవాదులను పంపడం, న్యాయ విజ్ఞాన సదస్సులు పెట్టడం కూడా వారి పనిలో భాగమే. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇచ్చేది ఈ సంస్థే కాబట్టి, ఆ కార్యాలయం గుమ్మం కూడా పిల్లలకు చూపించండి. వెళ్ళే ముందు రోజు కోర్టు హాలులో ఎవరెక్కడ కూర్చుంటారో బోర్డు మీద గీసి చెప్పండి.

ప్రశ్న: నాకు పదిహేడేళ్ళు. ఓటు కోసం ఇప్పుడే దరఖాస్తు చేసుకోవచ్చా?
– ఇంటర్ విద్యార్థి, తిరుపతి

సమాధానం: చేసుకోవచ్చు. పదిహేడు నిండినవారు కొత్త ఓటరు నమోదుకు వాడే ఫారం-6 ముందుగానే ఇవ్వవచ్చు. జనవరి 1, ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబరు 1 తేదీలలో మీకు పద్దెనిమిది నిండిన తర్వాత మొదట వచ్చే తేదీ ప్రాతిపదికన పేరు జాబితాలో చేరుతుంది. మీ బూత్ స్థాయి అధికారిని కలిసినా, ఎన్నికల సంఘం యాప్‌లో నింపినా సరే.